కింది కాగితం మీద ఒక్క వరుస

కరోనా తగ్గిన మరుసటి ఏడాది ఎండాకాలం. ఖమ్మం పాత బస్టాండు దగ్గర మా అబ్బా, అంటే నాన్న, పెట్టిన పెన్నుల దుకాణంలో కూర్చుని ఉండగా మణుగూరు నుంచి ఒకాయన వచ్చాడు. పేరు వెంకటేశ్. ఓపెన్‌కాస్ట్ గనిలో, అంటే నేలను పైనుంచి తవ్వి బొగ్గు తీసే చోట, డంపర్ లారీ నడుపుతాడు.

"అమ్మకు బంగారు పాళీ పెన్ను గావాలె భాయ్. రోజూ రాస్తది. ఉన్నదాంట్ల మంచిది ఇయ్యి."

"రాసేది మీ అమ్మ అయితే నువ్వెట్ల కొంటవ్? ఆమెను తోలుకరా."

అతనికి కోపం వచ్చింది. రానీ. చెప్పులు కొనేవాడు కాలు ఇంట్లో పెట్టి వస్తాడా? జేబులో మెరవడానికి కొనేవాళ్లకు ఏదో ఒకటి ఇచ్చి పంపిస్తాను గానీ, రోజూ రాసే చెయ్యి మాత్రం నా బల్ల మీదికి రావాల్సిందే.

కొద్దిరోజులకు తల్లిని తీసుకొచ్చాడు. ఆమె రామకోటి రాస్తోంది. కొడుకు డంపర్ ఎక్కిన రోజు మొదలుపెట్టిందట, పూర్తిచేసి భద్రాచలంలో సమర్పించాలని మొక్కు. బొటనవేలు వాచిపోయి ఉంది. రాయడం మానెయ్యమని దవాఖానాలో చెప్పారు.

"మానేస్తే వీనికేమన్న అయితదని భయం నాయినా" అంది కొడుకు ముందే.

"రాయకుంటే నిద్రపోదు భాయ్" అన్నాడతను.

అబ్బా నేర్పిన పరీక్ష ఒకటుంది. రెండు తెల్లకాగితాల మధ్య కార్బన్ పెట్టి రాయిస్తాను. కింది కాగితం మీద అక్షరం పడిందంటే చెయ్యి ఒత్తుతున్నట్టు. బాల్ పెన్నుకు ఒత్తాలి. బంగారు పాళీకి తాకిస్తే చాలు, సిరా దానంతటదే దిగుతుంది. ఒత్తితే దాని టైన్స్, అంటే మధ్య చీలికకు అటూ ఇటూ ఉండే రేకులు, విచ్చుకుపోయి మళ్లీ కలవవు.

ఆమె తన బాల్ పెన్నుతో 'శ్రీరామ' అని రాసింది. కింద అచ్చు గుద్దినట్టు పడింది. రామకోటి పుస్తకంలో గళ్లు చిన్నవి కాబట్టి ఫైన్, అంటే సన్నగీత పడే స్టీలు పాళీ ఇచ్చి, ఒత్తకుండా రాయమన్నాను. నాలుగైదుసార్లు రాశాక కింద ఏమీ పడలేదు. నాకు సంతోషమైంది. ఆమె ముఖం మాత్రం చిన్నబోయింది.

"ఇట్ల పైపైన రాస్తే ఆయనకు ముడుతదా? గట్టిగ రాస్తేనే గద గట్టిగ మొక్కినట్టు."

ఆయన సంగతి నాకేం తెలుసు? నాకు తెలిసింది పాళీ సంగతి. అదే చెప్పాను.

"ఒత్తితే వేలు పోతది, పాళీ పోతది, ఆఖరికి మొక్కే ఆగిపోతది. కొన్ని దినాలు ఈ స్టీలు పాళీతోని చెయ్యి మార్చుకో అమ్మా. కార్బన్ నేనిస్త. కింద ఏం పడని కాగితం తెచ్చి చూపిస్తే అప్పుడు బంగారుది."

"గిదేం బేరం భాయ్" అని గొణిగాడు వెంకటేశ్.

వానలు పడ్డాక ఇద్దరూ మళ్లీ వచ్చారు. వేలి వాపు తీసింది. ఆమె ఇచ్చిన కింది కాగితం తెల్లగా ఉంది. నడుమ ఒక్క వరుస మాత్రం నల్లగా, లోతుగా పడింది.

"ఇదేందమ్మా?"

"అది బ్లాస్టింగ్ అప్పటిది. మధ్యాన్నం బాంబులు పేలుస్తరు గద, కాలనీల కిటికీలు అదురుతయ్. వీడు ఆడనే ఉంటడు. చెయ్యి దానంతటదే ఒత్తుతది. ఆపుదామని చూసిన, నాతోని గాలే."

వెంకటేశ్ ఆ కాగితం తీసుకుని ఆ వరుసనే చూస్తూ నిలబడ్డాడు. "నాకెప్పుడు చెప్పలేదేందే" అన్నాడు. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నా షరతు ప్రకారం ఆమె ఓడిపోయింది. అయినా మొదట ఆమెకు ఇద్దామనుకున్న మెత్తటి బంగారు పాళీని పక్కన పెట్టి, లోపలి పెట్టెలోంచి మందపాటి రేకుతో చేసిన బంగారు పాళీ తీశాను. అది మెత్తదానంత హాయిగా కదలదు. కానీ రోజుకో వరుస ఒత్తినా విచ్చుకోదు.

"ఆ ఒక్క వరుసకు ఒత్తుకో అమ్మా" అన్నాను. "ఇది తట్టుకుంటది."

అంతకుముందు చెయ్యి చూసి పాళీ ఇచ్చేవాణ్ని. ఇప్పుడు ఆ చెయ్యి ఎప్పుడు బిగుసుకుంటుందో కూడా అడిగి ఇస్తున్నాను.