మోకు ముడి, బూటు లేసు

కొండ మీది సరిహద్దు పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి నడకే. సగం దారి దాకా కంచరగాడిదలు సామాను మోశాయి, మిగతా సగం మేమే మోశాం. వీపున సంచి, భుజాన రైఫిలు, నడుముకు నీళ్ళ సీసా. కింద రాళ్ళు, పైన మంచు. కనుచూపు మేరలో చెట్టన్నది లేదు. నేను నాచారంలో పెరిగినవాణ్ణి. చలి అంటే డిసెంబరులో క్రిస్మస్ పాటలకు ఇల్లిల్లూ తిరిగేటప్పుడు చెవులకు మఫ్లరు చుట్టుకోవడమే అనుకునేవాణ్ణి. ఆ కొండ మీద మొదటి గాలి మొహాన కొట్టగానే ఆ మఫ్లరు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఇది అరవైల నడిమి సంగతి. సైన్యం నుంచి వచ్చాక నేను చేరిన ఫ్యాక్టరీలో కుర్రాళ్ళు ఇప్పటికీ అడుగుతారు, "మామా, ఫౌజుల ఎంతమందిని సంపినవే?" అని. ఎవర్నీ చంపలేదు. ఆ చలికాలమంతా నేను కాపలా కాసింది కాళ్ళకు. ముందు నా కాళ్ళు, తర్వాత ఇంకొకడివి. వాళ్ళకది కథలా అనిపించదు. కానీ నాకు చెప్పడానికి ఇదే ఉంది.

బంకరు తలుపు దగ్గర ఒక కుర్రాడు నా సంచి అందుకున్నాడు.

"యే ఊరన్నా మనది?"

"నాచారం. ఉప్పల్ పక్కకు."

వాడు సంచి కింద పెట్టేశాడు. "నాది పీర్జాదిగూడ. గింత దూరమొచ్చి మనోన్ని సూస్తననుకోలే."

పేరు మల్లేశం. కల్లు గీసే గౌండ్లవాళ్ళ పిల్లగాడు. నాకంటే ఐదారేళ్ళు చిన్న. ఆ సాయంత్రానికే నేను వాడికి ఏసోబన్ననయ్యాను.

మా సెక్షన్ హవల్దార్‌ది గుంటూరు జిల్లా. మాట కరుకు, మనిషి మెత్తన. అది మాకు తర్వాత తెలిసింది. మొదటి రోజే మమ్మల్ని వరసగా కూర్చోబెట్టాడు.

"ఇక్కడ తూటా తగిలి పోయినవాణ్ణి నేనింకా చూడలేదు. కాలివేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. మీ ఒళ్ళు మీరే చూసుకోవాలి. మీ అమ్మలు ఇక్కడికి రారు."

రోజూ సాయంత్రం ఐదింటికి కాళ్ళ పరేడ్. బూట్లు విప్పాలి. పొడి గుడ్డతో తుడవాలి, వేళ్ళ సందుల్లో మరీ ముఖ్యం. ఆవనూనె నాలుగు చుక్కలు రాయాలి. గోళ్ళు అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. చెమట పట్టిన మేజోళ్ళు చొక్కా లోపల పొట్టకు ఆనించి పెట్టుకోవాలి, తెల్లారేసరికి ఒంటి వేడికి ఆరతాయి. దాహమున్నా లేకున్నా కరిగించిన మంచునీళ్ళు వేడిగా ఒక మగ్గు తాగాలి. ఆఖరున జతగాడికి కాళ్ళు చూపించాలి. జతగాడు ప్రతి వేలూ బొటనవేలితో నొక్కుతాడు. నొక్కితే తెల్లబడాలి, వదిలితే ఎర్రబడాలి. నా జతగాడు మల్లేశం.

వాడి పాదాలు చూస్తే ముచ్చటేసేది. చేటల్లాంటి పాదాలు, వేళ్ళు ఒకదానికొకటి ఎడంగా, అరికాళ్ళు మొద్దుబారిపోయి ఉండేవి. పదేళ్ళప్పటి నుంచి తాటిచెట్లెక్కినవాడు మరి.

"నీ కాళ్ళకు నూనె దండగరా," అనేవాణ్ణి.

"అవునన్నా, సర్కారు నూనె. నీకే రాస్త దే," అని నా కాళ్ళు ఒళ్ళోకి లాక్కునేవాడు.

ఆ కాళ్ళే వాడి బతుకు. తండ్రి చెట్టు మీంచి పడి నడుము విరిగి మంచాన ఉన్నాడు. మోకు ముడి జారింది. మోకు అంటే గీతగాడిని చెట్టుకు కలిపి ఉంచే తాడు. చెట్టు మీద మనిషి ప్రాణమంతా ఆ ముడిలోనే ఉంటుంది. అప్పటి నుంచి వాళ్ళ చెట్లు మేనమామ గీస్తున్నాడు, మల్లేశం తిరిగొచ్చేదాకా అనే మాట మీద. వాడు రోజూ ఆ తోట గురించే మాట్లాడేవాడు. ఏ పండుతాడు, అంటే ఆడ తాటిచెట్టు, ఎప్పుడు కల్లు పారుతుందో, ఏ పోతుతాడు, అంటే మగచెట్టు, కల్లు తియ్యగా ఉంటుందో, అక్కడున్నట్టే చెప్పేవాడు.

చిక్కల్లా బూట్ల దగ్గర వచ్చింది. మంచులో బూటు లేసు వదులుగా కట్టాలి. లోపల వేళ్ళు ఆడాలి, నెత్తురు తిరగాలి. మల్లేశం ఎంత చెప్పినా బిగించేవాడు. కాలు మోపి, పళ్ళు కరిచి, రెండు చేతులా లాగి ముడి మీద ముడి వేసేవాడు. హవల్దార్ తిడితే వదులు చేసేవాడు. ఆయన అటు తిరిగితే మళ్ళీ బిగింపే.

"ఏందిరా గీ జిద్దు?" అన్నాను ఒకసారి.

"వదులుంటే నా పాణం ఒప్పదన్నా. ముడి వదులైతే ఏమైతదో మా ఇంట్ల సూసిన." నేనే వంగి వాడి లేసులు సడలించాను. వాడు బూటులో కాలు అటూ ఇటూ కదిలించి, నమ్మకం లేనట్టు మొహం పెట్టాడు. అప్పటి నుంచి నేనున్నంత సేపూ వదులుగానే ఉంచేవాడు.

ఒక ఉదయం గాలికి, మాకు ముందున్న పోస్టుకు పోయే టెలిఫోను తీగ తెగింది. రేడియో ఆపరేటరు చెవి గొట్టం దించి, "లైన్ పోయింది సాబ్, ఇద్దరు కావాలి," అన్నాడు. మల్లేశం, ఇంకో జవాను వెళ్ళారు. తీగ ఏటవాలు మంచు మీదుగా పోతుంది. తర్వాత వాడే చెప్పాడు. ఆ ఏటవాలు చూడగానే వాడికి నేల మీదున్నట్టు అనిపించలేదట, చెట్టు మీదున్నట్టే అనిపించిందట. అక్కడే కూర్చుని రెండు బూట్లూ మోకు ముడి వేసి బిగించాడు. తీగ కలిపేసి సాయంత్రం నాలుగుకు తిరిగొచ్చారు.

ఐదింటికి పరేడ్. వాడి లేసు ఊడి రాలేదు. కత్తితో కోశాను. చీలమండ చుట్టూ లేసు అచ్చులు లోతుగా పడి ఉన్నాయి. మేజోడు తీస్తే వేళ్ళు కొవ్వొత్తి రంగులో ఉన్నాయి. నొక్కాను. తెల్లబడలేదు, ఎర్రబడలేదు.

"నొస్తున్నదారా?"

"ఏం లేదన్నా. మస్తుగున్నది."

నొప్పే తెలీడం లేదంటే కాలికి నెత్తురు ఆగిపోయిందన్నమాట. వాడు ఏమీ ఎరగనట్టు కాళ్ళు రెండూ బుఖారీ అనే కిరోసిన్ పొయ్యి వైపు చాపాడు. హవల్దార్ కాలరు పట్టి వెనక్కి లాగాడు.

"కాలి కమురు వాసనొచ్చినా నీకు తెలీదురా వెధవా."

రేడియో మీద కింది క్యాంపు డాక్టరు దొరికాడు. ఆపరేటరు ఒక్కో ముక్కా పైకి చదివాడు. "మంట దగ్గర పెట్టొద్దు. రుద్దొద్దు. నడిపించొద్దు. ఒంటి వేడి ఇవ్వండి. గాలి తగ్గాక కిందికి దించండి. ఓవర్."

నేను కోటు విప్పి, స్వెటరు, చొక్కా పైకెత్తాను. జతగాణ్ణి నేనే కదా. మల్లేశం కాళ్ళు ముడుచుకున్నాడు.

"వద్దన్నా. పెద్దోనివి, నీ ఒంటికి నా కాళ్ళు తాకిస్తనా? పాపం తగుల్తది."

"మా చర్చిల గుడ్ ఫ్రైడే ముందురోజు పాస్టరు గారే కూసోని అందరి కాళ్ళు కడుగుతడు. మాకు గా పాపం లేదు. పెట్టు."

వాడు హవల్దార్ వైపు చూశాడు. "పెట్టరా. ఇది ఆర్డరు," అన్నాడాయన.

ఆ రెండు పాదాలు నా పొట్ట మీద ఆనగానే ఊపిరి ఆగిపోయింది. చలికాలం చేదబావిలోంచి తీసిన రెండు రాళ్ళు పెట్టినట్టుంది. చొక్కా కప్పుకుని, చేతులు చుట్టి కూర్చున్నాను. వాడు తలొంచుకుని తోట కబుర్లు మొదలుపెట్టాడు. మేనమామకు చేతకాక ఫలానా తాడు పాడుచేసి ఉంటాడని, తను పోయి బాగుచెయ్యాలని. ఆ కబుర్ల మధ్యలోనే అడిగాడు.

"వేళ్ళు పోతయా అన్నా? వేళ్ళు లేకుంటే చెట్టు నన్ను నిలుపదు."

ఆ పాదాలు ఇంకాస్త దగ్గరికి అదుముకున్నాను. మనసులో ప్రార్థన చేశాను. వాడి వేళ్ళు ఉంచమనే, ఇంకేమీ అడగలేదు.

చాలాసేపటికి వాడి కాలు ఉలిక్కిపడింది. "గుచ్చుతున్నదన్నా." తర్వాత, "మంట." తర్వాత మాటల్లేవు, పెద్దగా ఏడుపు. నెత్తురు తిరిగి వస్తుంటే పుట్టే నొప్పి అది. హవల్దార్ అటు తిరిగి, తుడవక్కర్లేని లాంతరు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. "ఏడవరా, బాగా ఏడువు," అన్నాడు. నా జన్మలో ఒకడి ఏడుపు విని అంత సంతోషపడలేదు.

కాళ్ళు తీసేటప్పుడు మల్లేశం నా పొట్టను చేతివేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నాడు. పొరపాటున ఎవరికైనా కాలు తగిలితే మనం చేసే పనే. చేతి మీద ఒక్కటిచ్చాను.

మర్నాడు గాలి తగ్గాక స్ట్రెచరు మీద దించారు. "లేసులు వదులు కట్టుకోన్నా," అని నాకే చెప్పి పోయాడు. తర్వాత కబురొచ్చింది. ఎడమ చిటికెన వేలు కొస నల్లబడి ఊడిపోయింది, మిగతావన్నీ దక్కాయి. వాణ్ణి ఫౌజు నుంచి ఇంటికి పంపేశారు.

ఆ ఎండాకాలం నాకూ సెలవు దొరికింది. సికింద్రాబాద్ స్టేషన్, అక్కడి నుంచి బస్సు, నాచారంలో ఇల్లు. అమ్మ వేణ్ణీళ్ళు తెచ్చింది. నేను గడప మీద కూర్చుని వేళ్ళ సందులు ఒక్కొక్కటే తుడుచుకుంటుంటే చూసి, "ఏంది కొడుకా, నీ కాళ్ళు నువ్వే గింత మురిపెం జేసుకుంటున్నవ్?" అంది. ఆ అలవాటు నాకు పోలేదు. తర్వాత ఫౌజు విడిచి ఫ్యాక్టరీలో చేరినా, షిఫ్టు దిగాక నల్లా దగ్గర ఇదే పరేడ్. కుర్రాళ్ళు నన్ను కాళ్ళ మామ అంటారు. వానాకాలం తడి బూట్లలో వేళ్ళ సందులు పాసిపోయినప్పుడు మాత్రం వాళ్ళే వచ్చి నా పక్కన కూర్చుంటారు. గుడ్డ చేతికిచ్చి, "నీది నువ్వే తుడుసుకో," అంటాను.

ఆ సెలవులో మొదటి ఆదివారం, చర్చి కాగానే సైకిలెక్కాను. చిల్కానగర్ మీదుగా ఉప్పల్, అక్కడి నుంచి వరంగల్ రోడ్డు. మల్లేశం తోటలో ఉన్నాడు. ఇంకా చెట్టెక్కలేదట. తల్లి ఎక్కనివ్వడం లేదు, మేనమామ నమ్మడం లేదు.

"తొమ్మిదిన్నర వేళ్ళోన్ని తాడు మొయ్యదంటున్నరన్నా," అని నవ్వాడు. ఆ నవ్వు కళ్ళ దాకా పోలేదు.

"నీకేమనిపిస్తున్నది?"

వాడు మోకు తీసి చెట్టుకూ నడుముకూ చుట్టి, ముడి వేసి, పళ్ళు కరిచి లాగాడు. తర్వాత కాళ్ళకు వేసుకునే బంధం తొడిగి, వేళ్ళు ఆడించి చూసి, కాస్త సడలించాడు. నా వైపు చూశాడు.

"గది బిగియ్యాలె. గిది వదులుండాలె. సరేనా హవల్దార్ సాబ్?"

ఎక్కాడు. మొదట మెల్లగా, చెట్టును అడుగుతున్నట్టు ఒక్కో అడుగూ. సగం దాటాక మామూలుగా. మేనమామ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

తర్వాత ఎన్నో చూశాను గానీ, నాకు కళ్ళ ముందు నుంచి కదలనిది అదే. తలెత్తి చూస్తే ఎండలో రెండు అరికాళ్ళు, తాటి మొద్దును కరిచి పట్టుకున్న వేళ్ళు, ఎడమ వైపు చివర ఒకటి పొట్టిగా. పైపైకి పోతున్నాయి. నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్ళింది. అక్కడ వెచ్చగా ఉంది.