గంగమ్మకు తెచ్చిన కొబ్బరికాయ

ఆ ఓడ కంపెనీవారు ఇంతవరకూ నాకు జవాబివ్వలేదు. ఎన్నిసార్లు రాసినా "మీ అభిప్రాయం మాకు విలువైనది" అనే ముక్కే తిరిగొస్తుంది.

విశాఖలో ఎక్కిన విహార నౌక అది. పైడెక్కు మీద జనం పడక కుర్చీల్లో సేదతీరుతున్నారు. ఎంగిలి పళ్ళేల్లో వదిలేసిన రొయ్యల కంపుకు లేచి పక్కకు నడిచాను. రెయిలింగ్ దగ్గర ఒకావిడ పసుపు రాసిన కొబ్బరికాయతో నిలబడి ఉంది.

"ఎవరికక్కా?" అన్నాను.

"గంగమ్మకి బాబూ. మాది నౌపడ దగ్గర. మా ఆయన సేపల ఏటకెల్లి మరి రానేదు. ఒడ్డున ఇత్తే కెరటం ఎనక్కి తోసేస్తాది. అందుకే నడి సముద్రంలో ఇద్దామని వొచ్చినాను."

ఇంతలో సెక్యూరిటీ మనిషి వచ్చి, సముద్రంలో చెత్త వేయకూడదంటూ కాయ లాక్కున్నాడు.

"సట్నీ సేయించండి గురూ!" అన్నాడొకడు. ఫోన్లలో తీస్తూ అందరూ నవ్వారు. ఆవిడ చేతులు మాత్రం సముద్రం మీదికి అలాగే చాపి ఉన్నాయి.

దిగేటప్పుడు కాయ ఏదని నేను అడిగితే ఓడ సిబ్బంది "ఏ కాయ?" అన్నారు.

"ఏటి సేసినారో అడుగు బాబూ" అందావిడ నాతో.

అడుగుతూనే ఉన్నాను. కంపెనీవారూ, మీ క్షమాపణ నాకక్కర్లేదు. ఆ కాయను గంగమ్మకిచ్చారా, చెత్తబుట్టలో పారేశారా? ఎవరో ఒకరు నోరు విప్పి చెప్పండి.