బాలమణి తాగిన కాఫీ

పని మీద గోపాల్‌పేట వెళ్లినప్పుడు ఒక రైతు ఇంట్లో మూడు రోజులు ఉన్నాను. ఇంటావిడ పేరు బాలమణి. మాది విజయవాడ. ఎక్కడికి వెళ్లినా నా సంచిలో స్టీలు ఫిల్టరు, కాఫీ పొడి ఉండాల్సిందే.

మొదటి రోజు పొద్దున్నే కాఫీ కలుపుకుంటానని వేడినీళ్లు అడిగాను. బాలమణి కంగారుగా వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

“ఏమైందక్కా, జరమొచ్చిందా? దవాఖానకు పోదామా?”

ఆ ఇంట్లో రోజూ తాగేది చాయ్. కాఫీ ఒంట్లో బాగాలేనివాళ్లకు ఇచ్చేదట. నేను రోజూ తాగుతానంటే నవ్వింది.

మరిగిన నీళ్లు దించి, ఒక్క నిమిషం ఆగి ఫిల్టరులో పోశాను. పొడిని గట్టిగా అదమకూడదని చెప్పాను. డికాషన్ చుక్కచుక్కగా దిగుతుంటే పక్కనే కూర్చున్నాం.

“నువ్వెప్పుడైనా తాగావా?” అని అడిగాను.

“యాడ తాగుత? అత్తకు, పిల్లలకు జరమొస్తే నేనే చేసిస్త. నాకు జరమొస్తే పండుకునేందుకు తీరదు గదక్కా. చేనుకు పోవుడే.”

పాలు, పంచదార కలిపి రెండు గ్లాసుల్లో పోసి ఒకటి ఆమె చేతిలో పెట్టాను. మొహమాటపడుతూనే తీసుకుని, గోడకు ఆనుకుని ఊదుకుంటూ తాగింది.

పెరట్లోంచి భర్త కేకేశాడు. “బర్రెకు నీళ్లు పెట్టినవా?”

“జర ఆగు. కాఫీ తాగుతున్న.”

కాసేపటికి పెరట్లో బకెట్టు చప్పుడయింది. నీళ్లు ఆయనే పెడుతున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా బాలమణి లేవలేదు.