అతికించిన వేళ్లు

ఎక్కడైనా గేటుకు బంగారు రంగు వేస్తుంటే ఆ వాసనకు ఈరోజుకూ నా ఒళ్లు మండిపోతుంది. మొగులమ్మక్క చేసిన ఇనుప మనిషిని ఆ రంగు ఎంత పాడుచేసిందో కళ్లారా చూసినవాణ్ని.

తాండూరులో అక్కది వెల్డింగ్ షెడ్డు. గేట్లు, గ్రిల్లులు బతుకుతెరువు. తీరిక దొరికితే బండలు కోసి కోసి అరిగిపోయిన బ్లేడ్లు తెచ్చి మనుషుల బొమ్మలు చేసేది. బండల ఫ్యాక్టరీలో నా కుడిచేతి రెండు వేళ్లు తెగిపడినప్పుడు, తప్పంతా నాదేనని యజమాని వెళ్లగొట్టాడు. ఆ తర్వాత పెద్దేముల్ నుంచి తాండూరు దాకా నాకు పనిచ్చినవాడు లేడు. అక్క మాత్రం, "వేళ్లు పోయినయ్ గని చెయ్యి పోలే గద తమ్మీ. జర గీ వెల్డింగ్ హోల్డర్ పట్టు," అంది. పట్టాను.

ఒకసారి అక్క, మోకాలి మీద చెయ్యి ఆనించి పైకి లేస్తున్న మనిషి బొమ్మను చేస్తూ, దాని కుడిచెయ్యి నన్ను చేయమంది. ఐదు వేళ్లూ పొందిగ్గా అతికి చూపించాను.

"గీ చెయ్యి ఎవలది?"

"మనిషిది."

"ఏ మనిషిది? జేబుల దాసుకున్నదాన్ని బయటికి దియ్యి. దాన్ని సూస్కుంట చెయ్యి."

నాకు తిక్కరేగింది. హోల్డర్ విసిరేసి వెళ్లిపోయాను. మూడు రోజులు ముఖం చూపించలేదు. నాలుగో రోజు వచ్చి, నా చేతిని బల్ల మీద పెట్టుకుని చూస్తూ బొమ్మకు రెండు వేళ్లు కోసేశాను. ప్రమాదం తర్వాత నా చేతిని నేను అంతసేపు చూడటం అదే మొదలు.

ఆ బొమ్మను వికారాబాద్‌లో ఒక పార్కువాళ్లు అడిగి తీసుకెళ్లారు. ప్రారంభోత్సవం రోజు వెళ్లి చూద్దుము కదా, తలనుంచి పాదం దాకా బంగారు రంగు, చేతికి కొత్తగా రెండు వేళ్లు! "అవిటి బొమ్మ పెడితె మంచిగుంటదా అమ్మా? పిల్లలు చూస్తరు," అన్నాడు కమిటీ పెద్దమనిషి, నా ముందే. ఎంత పొగరు! అక్క నా మణికట్టు పట్టుకుని అతని ముఖం ముందుకు ఎత్తింది.

"బొమ్మకైతె అతికిచ్చిన్రు. మా తమ్మునికి గూడ అతికియ్యుండ్రి."

అందరూ చూస్తున్నారు. నేను చెయ్యి లాక్కుని జేబులో పెట్టుకున్నాను.

తిరుగు బస్సులో అక్క నన్ను తిట్టినా బాగుండేది. ఆ పెద్దమనిషి మీద వచ్చినంత కోపమూ నా మీద నాకొచ్చింది.

అక్క పోయి ఏడాదైంది. షెడ్డు నేనే నడుపుతున్నాను. పోయిన వారం పట్టపగలే బ్యాటరీ గ్రైండర్ పట్టుకుని ఆ పార్కుకు వెళ్లి, అతికించిన వేళ్లు రెండూ కోసేశాను. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "ఎవలు కొయ్యమన్నరు నిన్ను?" అని అరిచాడు. కుడిచెయ్యి ఎత్తి చూపించాను. అతను వెనక్కి తగ్గాడు.

కోపం మాత్రం చల్లారలేదు. ఆ చెయ్యి అక్క బతికుండగా ఎత్తాల్సింది.