శనగచేను ప్రార్థన

నిన్న నంద్యాల బజారులో లేత శనగాకు కనిపిస్తే ఆశగా దోసిట్లోకి తీసుకున్నాను. వేళ్లకంటిన ఆ పుల్లటి వాసన ముక్కుకు తగిలిందో లేదో, యాభై దాటిన దాన్ని, బజారు మధ్యలో నోరూరిపోయింది!

మా ఊరు ఆళ్లగడ్డ పక్కనే, అంతా నల్లరేగడి. చలి మొదలయ్యాక, పూత రాకముందే, ఆడవాళ్లమూ పిల్లలమూ చేలో వరుసగా కూర్చుని శనగ చిగుళ్లు గిల్లేవాళ్లం. గిల్లేకొద్దీ మొక్క గుబురుగా కొమ్మలేస్తుందని పెద్దల నమ్మకం, గిల్లిన ఆకు పప్పులో పడుతుందని మా ఆత్రం. మంచుతో కలిసి ఆకుల మీద ఊరే పులుసు కాళ్ల పగుళ్లలో చుర్రుమనేది, లంగా అంచులు వెలిసిపోయేవి, అయినా మధ్యమధ్య వేళ్లు నాకుతూనే ఉండేవాళ్లం.

"గిల్లమంటే మేస్తాండారే, మేకపిల్లల మాదిరి!" అని అమ్మ కసిరేది.

ఒక ఏడు నాయన గుత్తకు తీసుకున్న చేలో, సరిగ్గా క్రిస్మస్ ముందర, పచ్చపురుగు పడింది. పంట పోతే ఆయన బెంగుళూరికి, ఇళ్లు కట్టే బేల్దారి పనికి పోక తప్పదని ఇంట్లో అందరికీ తెలుసు. మందు కొట్టే పంపు ఊరంతటికీ ఒకటే, మా వంతు పండుగ తర్వాతే. కజ్జికాయలకు పిండి కలుపుతూ అమ్మ కళ్లు తుడుచుకుంటుంటే నాకు పండుగంటేనే విరక్తి పుట్టింది. మావాళ్లలో విత్తేటప్పుడూ కోసేటప్పుడూ చేలో ప్రార్థన చేయించడం ఆనవాయితీ. నాయన కోతల దాకా ఆగలేక పాస్టరయ్యగారిని అప్పుడే పిలుచుకొచ్చాడు. అందరం ఆ పురుగుల మధ్యే మోకరించాం.

"దేవునికి చెప్పినాంలేప్పా, ఇంగ ఆయనిష్టం," అన్నాడు అయ్యగారు, మోకాళ్లకంటిన మట్టి దులుపుకుంటూ.

పండుగ దాటేసరికి చేను నిండా సన్న నడుముల నల్లటి కందిరీగలు, దోమకంటే కాస్త పెద్దవి! పురుగు మీద వాలి, కుట్టి, లేచిపోయేవి. కుట్టించుకున్న పురుగు తిండి మానేసి పాలిపోయేది, దాని పక్కనే ఆకుకు బియ్యపుగింజంత కందిరీగ గూడు అంటుకుని ఉండేది. మందు కొట్టకుండానే చేను నిలబడింది, నాయన బెంగుళూరు పోలేదు. మా ప్రార్థన విని దేవుడు దండు పంపాడని ఊరంతా చెప్పుకున్నారు.

మొన్న వ్యవసాయం చదువుతున్న మా అమ్మాయి ఒక సంగతి చెప్పింది. పురుగు ఎంగిలి తగిలితే మొక్క గుర్తుపడుతుందట. మనం గిల్లితే వచ్చే వాసన వేరు, పురుగు నమిలితే అది వదిలే వాసన వేరట. ఆ వాసన పట్టుకునే కందిరీగలు వెతుక్కుంటూ వస్తాయట. అది పసిగట్టి పక్క మొక్కలు కూడా ముందే జాగ్రత్తపడతాయట. అమ్మో! నోరు లేదు, కాళ్లు లేవు, తింటున్నవాడి కిందే నిలబడి ఎంత గట్టిగా పిలిచింది! మేము మోకరించేసరికే ఆ చేలో ప్రార్థన మొదలైపోయిందన్నమాట.

ఆపుకోలేక నాయనకు చెప్పాను. ఇప్పుడు మా చేలో మొలక లేచింది మొదలు మందే. సన్న నడుము ఈగ కనపడి ఎన్నేళ్లయిందో. 

"ఇప్పుడు గూడా పిలుస్తాంటాదా, పాపా?"

"పిలుస్తాంటాది, నాయనా."

"యాడినుంచి వస్తాయిలే. అన్నిట్నీ మనమే చంపితిమి గదా."