బండి లెక్కన కట్టిన మోటారు

యుద్ధం ముగిసి ఇంటికొచ్చాక నాకు ఒకచోట కుదురుగా ఉండటం చేతకాలేదు. మిలిటరీలో లారీ తోలి వచ్చినవాణ్ణి, మడక వెనక నడవమంటే ప్రాణం విసిగిపోయేది. నాలుగు సాళ్ళు దున్ని, ఎద్దుల్ని నిలబెట్టి, మార్కాపురం రోడ్డు వైపు చూస్తూ నిలబడేవాణ్ణి. ఆ రోడ్డు మీద పోయేది మేకల మంద, సంతకు పోయే రెండు బండ్లు. అయినా చూసేవాణ్ణి. నాకేదో గాలి సోకిందని అమ్మ తాయెత్తు కట్టించింది. నాయన మాత్రం నేను వదిలేసిన సాలు తనే వచ్చి పూర్తి చేసేవాడు. తిట్టినా బాగుండేది.

అట్లాంటి రోజుల్లో దొనకొండలో ఒక రైల్వే దొర తన దేశం పోతూ పాత కారు వదిలించుకుంటున్నాడని తెలిసింది. మిలిటరీ జీతంలో మిగిలిందంతా ఇచ్చి కొనేశాను. అది నడిచే కారు కాదు. సీట్లలో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి, పై గుడ్డ చీలికలై వేలాడుతోంది. నాయన ఎద్దుల్నే కట్టి ఇంటికి లాగించుకొచ్చాను. ఎద్దులు లాగే మోటారును చూడటానికి ఊరంతా సందు పొడుగునా నిలబడింది. పళ్ళికిలించడానికి ఒక్కరికీ బద్ధకం లేదు.

నా ఆలోచన వేరు. దాని వెనకభాగం కోసేసి, చెక్కతొట్టి కట్టి, చిన్న లారీ చేస్తాను. పలకరాతి గనుల నుంచి స్టేషనుకు పలకల పెట్టెలు తోలుతాను. ఎద్దులబండికి పొద్దంతా పట్టే దారి నాకొక పూట పని. గని సావుకారు దగ్గరికి పోయి అడిగాను. ఒక్క లోడు, ఒక్క పెట్టె తగ్గకుండా, సాయంత్రం గూడ్సుకు అందిస్తే ఆ పని నాకే ఇస్తాననీ, అందకపోతే మళ్ళీ తన గుమ్మం తొక్కొద్దనీ చెప్పాడు.

నాయనతో కూడా మాట్లాడుకోవలసి వచ్చింది. ఆయన చుట్ట ఆర్పి పక్కన పెట్టి అన్నాడు: "తొలకరి లోపల అది నడిచి నీకింత కూడు పెడితే నీ దారి నీది. నడవలేదా, అమ్మేసి మడక పట్టాల. మోకాళ్ళు వంగడంల్యా నాకు. ఈ యేడు ఒక్కణ్ణే దున్నలేను."

సరేనన్నాను. అన్నానే గాని, ఆ పూట నుంచి నాకు నిద్ర లేదు, తిండి మీద ధ్యాస లేదు. పశువుల కొట్టం పక్కన పందిరి వేసి ఇంజను విప్పాను. కార్బురేటరు నిండా కందిరీగల మట్టిగూళ్ళు. విప్పిన ప్రతి మర అమ్మ రేకుచాటలో కిరసనాయిల్లో నానుతుండేది. ఆ చాట బియ్యం చెరగడానికి పనికిరాకుండా పోయిందని ఆమె చాలాకాలం సాధించింది. రేడియేటరు కారుతుంటే కోడిగుడ్ల తెల్లసొన పోశాను. నీళ్ళు కాగాక అది లోపల ఉడికి చిల్లులు పూడ్చింది, ఇల్లంతా నీచువాసన కొట్టింది. ట్యూబులు దొరక్క వెనక టైర్లలో పాతగుడ్డలు కూరాను. ఒక మర బిగుస్తుండగానే ఇంకోదాని మీదికి పోయేది చెయ్యి. నల్లమల మీద ఒక మబ్బు కనబడితే ఊళ్ళో వాళ్ళ మొహాలు వెలిగేవి, నేను మాత్రం గడువు ముంచుకొస్తోందని ఇంకో మర అందుకునేవాణ్ణి.

తొట్టి కట్టింది మా ఊరి వడ్రంగి మామ. పుట్టినప్పటి నుంచి ఎద్దులబండ్లు చేసిన మనిషి. వచ్చీ రాగానే దారం తీసి వెనక ఇరుసు మీద గుర్తు పెట్టాడు. తొట్టి ఇరుసుకు ముందెంతో వెనకంతే ఉండాలన్నాడు. లేకపోతే ఎద్దుల మెడ మీద బరువు పడి కాడి కోసుకుపోతుందట. ఇక్కడ ఎద్దులేవి మామా అని నేనూ అడగలేదు, చూడ్డానికొచ్చిన వాళ్ళూ అడగలేదు. అందరం బండ్లతో పెరిగినవాళ్ళమే, అందరికీ అది న్యాయంగానే తోచింది. మంచి తుమ్మచెక్కతో, వెనక బారెడు పొడుగు సాగిన తొట్టి తయారైంది. ఖాళీగా ఊరు చుట్టూ తిప్పితే గుర్రంలా పోయింది. మామ మీసం దువ్వుకున్నాడు.

లోడు ఎత్తే రోజున పొద్దుటి నుంచే ఉక్క. పడమర నల్లగా కమ్ముకుంది. పొద్దున ఊళ్ళోకి ఎక్కడికో పోయొచ్చిన నాయన తనూ వస్తానని గని దాకా వచ్చాడు. పెట్టెలు నిండాక తొట్టి చివర ఎక్కి కూర్చున్నాడు. చదునునేల మీద స్టీరింగు తేలిగ్గా తిరుగుతుంటే నా పనితనమేననుకుని మురిసిపోయాను. వాగు దాటి గట్టెక్కబోయేసరికి మోటారు ముందుభాగం నెమ్మదిగా పైకి లేచింది. ముందుచక్రాలు గాలిలో ఊరికే తిరుగుతున్నాయి. తొట్టి తోక నేలకానింది. నాయన కిందికి దిగాడు.

పెట్టెలు ముందుకు జరుపుదామంటే వేలు దూరే సందు లేదు. కొన్ని దించేస్తే సావుకారు మాట తప్పినట్టు. వెనక్కి జారనిచ్చి మూడుసార్లు ఎక్కించబోయాను, మూడుసార్లూ అంతే. గాలి చల్లబడింది. నేను దిగి చక్రాన్ని కాలితో తన్ని, గట్టు మీద కూలబడ్డాను.

"సరేలే నాయనా. రేపట్నుంచి మడక కడతా," అన్నాను.

ఆయనకు కావలసింది అదే. ఆయన ఊరకుంటే చాలు, నేను మడకకు వచ్చినట్టే. ఆయన మబ్బు వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత మోటారు చుట్టూ ఒకసారి తిరిగి, తలగుడ్డ విప్పి మడతపెట్టి, ఎడమ మడ్‌గార్డు మీద వేసి, మోటారు ముందుదీపం పట్టుకుని ఎక్కి కూర్చున్నాడు. బండి వెనక్కి వాలినప్పుడు తోలేవాడు ముందుకు జరిగి నొగ మీద కూర్చుంటాడు గదా, అచ్చం అట్లాగే.

"ఏంది చూస్తావ్? ముందర బరువు చాలక లేస్తాంది. పోనీ."

చక్రాలు నేలకానాయి. గట్టెక్కాం. అక్కణ్ణుంచి స్టేషను దాకా ఆయన అట్లాగే వచ్చాడు. బానెట్టు కాలుతున్నా, దారిలో జనం నవ్వుతున్నా తల తిప్పలేదు. పెట్టెలన్నీ గూడ్సుకెక్కాయి. సావుకారి గుమాస్తా రేపూ రమ్మన్నాడు. నాయన దిగడానికి నేను చెయ్యి అందించవలసి వచ్చింది, కాళ్ళు చాచలేకపోయాడు.

అప్పుడే పెద్ద చినుకులు మొదలయ్యాయి. తొలకరి. రేపొక్క పూట మడకకు వస్తానన్నాను, వాగు గట్టున ఇచ్చిన మాట మాటే గదా అన్నాను.

"కూలిమనిషిని పొద్దున్నే మాట్లాడి వచ్చినా లే," అన్నాడు. "నువ్వు మడక కాడ నిలవవని నాకు ఎప్పుడో ఎరుకే."

తలగుడ్డ నెత్తిన వేసుకుని వానలోనే ఊరి దారి పట్టాడు. ఎక్కమన్నా ఎక్కలేదు, మోటారు పోని పొలాల దారిన పోయి పదును చూసుకోవాలట. ఇన్నాళ్ళూ ఆయన నన్ను పట్టి ఉంచాడనుకుని పెనుగులాడాను. ఆయన ఎప్పుడో వదిలేశాడని తెలిశాక, సంతోషం రాలేదు, భయం వేసింది.