మంచం కింద పల్లం

మా బాబాయి దర్జీ. వీధిలో అందరి ఒంటి కొలతలూ ఆయన నోట్లోనే ఉంటాయి, తనకోసం మాట్లాడాలంటే మాత్రం ఆ నోరు పెగలదు. "చంక దగ్గర పట్టేసింది" అని ఒకరు, "మెడ జారుతోంది" అని ఇంకొకరు కుట్టుకూలి ఎగ్గొట్టి, చొక్కా మాత్రం తొడుక్కుని పోయేవాళ్ళు. ఆయన టేపు మెళ్ళో వేసుకుని తలూపేవాడు. చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అలాంటి మనిషి పెద్దవయసులో ఒక్కటే కోరుకున్నాడు. మోకాళ్ళ నొప్పులు కదా, పడకగదికి ఆనుకుని ఓ బాత్రూం ఉండాలని. మేస్త్రి కట్టాడు. టైల్స్ తళతళలాడాయి. బాబాయి మొదటి చెంబు పోసుకున్నాడు. నీళ్ళు మూలనున్న తూము వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తిన్నగా గుమ్మం దాటి, మంచం కింద చేరి, చెప్పుల్ని తేల్చాయి.

"నీరు పల్లమెరుగు అన్నారు కదండీ. నాలుగు రోజులు పోతే దారి అదే చూసుకుంటుంది" అన్నాడు మేస్త్రి.

"ఎరిగింది నాయనా. ఆ పల్లం నా మంచం కింద ఉంది."

వాలు సరిచేసేదాకా మిగతా డబ్బు ఇవ్వనన్నాడు బాబాయి. ఆయన 'ఇవ్వను' అనడం నేను వినడం అదే మొదలు. సంతోషంతో నాకు గంతులేయాలనిపించింది.

పిన్నికి మాత్రం తల కొట్టేసినట్టయింది. "ఎంగిలి చేత్తో కాకిని తోలడని వీధంతా అనుకుంటున్నారు. వాడి డబ్బు వాడి మొహాన పారెయ్యండి."

ఆ మాట బాబాయికి గుచ్చుకుంది. "కుదరని చొక్కాకి నేనెవర్నైనా డబ్బడిగానా?" అన్నాడు నాతో. అడగలేదు. కుదిరిన చొక్కాలకీ అడగలేదు, అదే నా ఏడుపు.

మేస్త్రి రోజూ డబ్బు కోసం వచ్చి కూర్చునేవాడు. బాబాయి రోజూ ఓ చెంబు పోసి చూపించేవాడు. ఇద్దరూ కాళ్ళు కుర్చీలమీదికి ఎత్తుకుని మర్యాదగా పోట్లాడుకునేవాళ్ళు. మధ్యలో తలుపు బలైంది. నానీ నానీ ఉబ్బిపోయి, ఓ ఉదయం బాబాయి లోపలుండగా బిగుసుకుపోయింది. లోపలి పిడి ఊడి ఆయన చేతికొచ్చింది. నేనూ పిన్నీ బయటినుంచి ఎంత తోసినా కదల్లేదు.

అప్పుడే మేస్త్రి వచ్చాడు.

"డబ్బిస్తే తీస్తానండీ."

"తీస్తే మాట్లాడదాం" అని లోపల బాబాయి పంతంగా ఓ చెంబు గుమ్మరించాడు.

నీళ్ళు తలుపు కిందనుంచి వచ్చి మేస్త్రి పాదాలు తడిపాయి. అతనికి రోషం వచ్చింది. భుజంతో ఒక్క గుద్దు గుద్దాడు. తలుపు తెరుచుకుంది, మేస్త్రి లోపల పడ్డాడు, తలుపు గోడకి కొట్టుకుని తిరిగొచ్చి మళ్ళీ బిగుసుకుంది.

పిన్ని పరుగెత్తి పక్కవీధి వడ్రంగిని తీసుకొచ్చింది. అతను తలుపు తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"మొత్తం ముందే ఇవ్వాలమ్మా. తర్వాత తలుపు సరిగ్గా పడకపోతే నన్నడగొద్దు."

పిన్ని పర్సు తెరిచింది. లోపలినుంచి మేస్త్రి గొంతు చించుకున్నాడు.

"ఒక్క పైసా ఇవ్వకండమ్మా! పని చూసుకోకుండా ఎవరైనా డబ్బిస్తారా?"

వెంటనే బాబాయి మాట వినపడింది. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు.

"ఇంకోసారి గట్టిగా అను మేస్త్రీ. మా ఆవిడకి వినపడాలి."